ఎనిమిది నెలల్లోపే కంచికి చేరిన క్విబీ కథ

బస్సు కోసం ఎదురుచూసే పది నిమిషాల్లో మీరేం చేస్తారు? బహుశా జేబులోంచి ఫోను తీసి ఏదో ఒక వీడియో చూస్తారు. ఈ పది నిమిషాల తీరిక మీదే పెద్ద వ్యాపారం నిలబెట్టవచ్చని హాలీవుడ్ నిర్మాత జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ భావించారు. ఆ ఆలోచనే ‘క్విబీ’.

ఒక్కో భాగం పది నిమిషాలకు మించని ధారావాహికలు, ప్రసిద్ధ నటులు, ఫోనులోనే చూసే ఏర్పాటు - ఇదీ పథకం. యువతే ముఖ్య లక్ష్యం. పెట్టుబడిగా 175 కోట్ల డాలర్లు సమకూరాయి. 2020 ఏప్రిల్ 6న అమెరికా, కెనడాల్లో సేవ మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 1న ఆగిపోయింది.

సాంకేతిక లోపమే కారణమా? కాదు. నిజానికి క్విబీ సాంకేతికత ముచ్చటైనది. ప్రతి కార్యక్రమాన్నీ నిలువుగా, అడ్డంగా రెండు రూపాల్లో ఎడిట్ చేసేవారు. రెండు దృశ్యాలూ ఒకే ధ్వనితో జతపడి ఫోనుకు చేరేవి. భూమ్యాకర్షణ దిశను పసిగట్టే చిన్న సెన్సారు ప్రతి ఫోనులోనూ ఉంటుంది. మీరు ఫోనును తిప్పగానే అది గుర్తించేది. దృశ్యం మారేది, సంభాషణ మాత్రం తెగేది కాదు.

కరోనా వల్ల జనం ఇళ్లలో ఉండిపోవడమే దెబ్బ తీసిందని కాట్జెన్‌బర్గ్ అన్నారు. ప్రయాణాల మధ్య దొరికే తీరిక లేకుండా పోయిన మాట నిజమే. అయితే పొట్టి వీడియోల టిక్‌టాక్ సరిగ్గా ఆ నెలల్లోనే మరింత పెరిగింది. కాబట్టి అసలు కారణం మరోచోట వెతకాలి.

భౌతికశాస్త్రంలో శృంఖల చర్య గురించి మీరు చదివే ఉంటారు. ఒక యురేనియం కేంద్రకం విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే న్యూట్రాన్లు సగటున కనీసం మరొక కేంద్రకాన్ని విచ్ఛిన్నం చేస్తేనే చర్య సాగుతుంది. లేకపోతే ఆరిపోతుంది. వీడియో వ్యాప్తికీ ఈ లెక్కే వర్తిస్తుంది. చూసిన ప్రతివారూ మరో ఇద్దరికి చూపిస్తే, ఒక్కరితో మొదలైనది పదో అంచెలో 1,024 మందికి చేరుతుంది. అదే, ఇద్దరు చూస్తే వారి వల్ల కొత్తగా ఒక్కరే చూస్తారనుకోండి: 1,000 మందితో మొదలుపెట్టినా పదో అంచెకు మిగిలేది ఒక్కరే!

క్విబీ ఈ గొలుసును ఎక్కడికక్కడ తెంపింది. ప్రారంభంలో తెరను ఫొటో తీస్తే నల్లటి బొమ్మే వచ్చేది. నచ్చిన ముక్కను మిత్రులకు పంపే దారి లేదు; దానిమీద హాస్యం అల్లే అవకాశమూ లేదు. నలుగురూ కలిసి టీవీలో చూసే వీలు మే, జూన్ నెలల్లో గాని రాలేదు. 90 రోజుల ఉచిత గడువు తీరాక ప్రకటనలతో చూడాలన్నా నెలకు 4.99 డాలర్లు కట్టాలి. యూట్యూబ్, టిక్‌టాక్‌లు ఉచితం. పైగా అక్కడ ప్రేక్షకుడే కళాకారుడు: ఒకరి పాటకు ఇంకొకరు అభినయిస్తారు, దానికి మరొకరు బదులిస్తారు. క్విబీలో యువతకు మిగిలింది చూడటమొక్కటే.

కార్యక్రమాలు బాగోలేవన్న విమర్శ కూడా వచ్చింది. కాని తరువాత జరిగినది గమనించండి. 2021లో రోకు సంస్థ వాటిని కొని, అప్పటికే కోట్ల ఇళ్లకు చేరిన తన వేదికపై, ప్రకటనలతో ఉచితంగా పెట్టింది. క్విబీ జీవితకాలంలో చూసినవారికంటే ఎక్కువమంది తొలి రెండు వారాల్లోనే చూశారని ఆ సంస్థ ప్రకటించింది. బొమ్మ అదే, వాకిలి మారింది!

నిడివి తగ్గించినంత మాత్రాన వీడియో యువతది అయిపోదు. ఫోను వారికి చిన్న సినిమా తెర మాత్రమే కాదు, నలుగురూ చేరే రచ్చబండ కూడా. క్విబీ ఇంజనీర్లు ఫోనును ఎటు తిప్పినా చక్కగా కనిపించేలా చేశారు. ఆ ఫోనును పక్కవారి వైపు తిప్పి, ‘ఇది చూశావా?’ అనే అవకాశాన్ని మాత్రం సంస్థ ఇవ్వలేకపోయింది.