పాత కారుకు క్రొత్త షాక్ అబ్జార్బర్లు

కార్తికమాసము వచ్చినదనగా పంచారామములను దర్శింప బయలుదేరినవారి కార్లు ద్రాక్షారామము వీథులలో బారులు తీరును. అమరావతి, భీమవరము, పాలకొల్లు, సామర్లకోట, ద్రాక్షారామము - ఈ ఐదింటిని ఒక్క దినములో చుట్టివచ్చుట క్రొత్త కారుకే శ్రమ. ద్రాక్షారామవాసులైన మా మిత్రులొకరు తమ తండ్రిగారి నాటి స్టాండర్డు హెరాల్డు కారులో సకుటుంబముగా ఆ యాత్ర చేయ సంకల్పించి, దానికి ఎట్టి షాక్ అబ్జార్బర్లు కొనవలెనో చెప్పుమని మమ్ము అడిగిరి. పాత వాహనమును మమకారముతో నిలుపుకొన్నవారికందరికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు ప్రశ్నయే యిది.

హెరాల్డు ఇంగ్లండులో 1959లో వెలువడినది. మద్రాసులోని స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు సంస్థవారు 1961 నుండి దానిని మన దేశమున తయారుచేసిరి. ఆ చాసీనే కురుచచేసి ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారును నిర్మించిరి. కావున ఈ రెండు కార్లును అక్కచెల్లెండ్రు. ఒకదానికి చెప్పిన మాట చాలవరకు రెండవదానికిని వర్తించును.

షాక్ అబ్జార్బరు అను పేరు కొంత భ్రమ కలిగించును. గతుకు దెబ్బను మొదట తాళునది స్ప్రింగు. అయితే స్ప్రింగు తాను మ్రింగిన దెబ్బను వెంటనే తిరిగి వెడలగ్రక్కును. కారు ఊయెలవలె ఊగును. ఆ ఊపును అణచుటయే షాక్ అబ్జార్బరు పని. కావడి మోయువానిని చూడుడు. బరువునకు వెదురుబద్ద వంగి లేచుచుండును. అనుభవజ్ఞుడు త్రాళ్లపై చేయి వేసి ఆ ఊపును అదుపులో నుంచును. బద్ద స్ప్రింగు, చేయి షాక్ అబ్జార్బరు.

ఆ చేయి ఎట్లు పనిచేయును? గొట్టములో నూనె యుండును. చక్రము కదలినపుడు ముషలకము ఆ నూనెను సన్నని రంధ్రముల గుండ, కవాటముల గుండ త్రోయును. తెడ్డును కాలువనీటిలో మెల్లగా కదపిన నీరు దారి యిచ్చును. వడిగా లాగిన ఎదురుతిరుగును. ఇచటను అంతే. వేగము పెరిగినకొలది ప్రతిఘటన పెరుగును. ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలియును. సాధారణముగా చక్రము పైకి లేచునప్పటికంటె క్రిందికి దిగునప్పుడే ఈ ప్రతిఘటనను ఎక్కువగా ఉంచుదురు. ఏలయన, అణచవలసినది విడుదలయగుచున్న స్ప్రింగు బలమును.

గతుకుల బాటపై ఎడతెగక ఆడిన నూనె వేడెక్కి పలుచనగును. గాలితో కలిసి నురుగు కట్టును. నురుగు కట్టిన నూనెకు పట్టుండదు. దీనికి మందుగా లోపల నత్రజని వాయువును ఒత్తిడితో నింపు పద్ధతి వచ్చినది. ఒంటి గొట్టముతో అధిక పీడనము గల రకమును 1950ల దశకములో ఫ్రెంచి ఇంజనీరు ద కార్బన్ రూపొందించెను. జంట గొట్టములతో అల్పపీడనము గల రకమును కలదు.

ఇక మన బాటల మాట. డెల్టా నేల బంకమట్టి. తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని బీటలు వారును. అందుచేత దానిపై వేసిన రోడ్డు కాలక్రమమున అలలు తేలును. వాని నడుమ వానకు పడిన గుంటలుండును. ఒక ప్రక్క కాలువ, వేరొక ప్రక్క పల్లపు చేలు. ఇట్టి గట్టుమీద చక్రము నేలను విడువకుండుట సుఖమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, ప్రాణమునకు సంబంధించినది.

ఈ సంగతి మేము అనుభవమున తెలిసికొంటిమి. ఒకప్పుడు ఒక దుకాణదారుని మాట నమ్మి, గట్టివైన మేలైనవని తలచి, మా పాత కారుకు పందెపు కార్లకు తగిన షాక్ అబ్జార్బర్లు బిగించితిమి. గట్టురోడ్డు మలుపులో వరుసగా మూడు గుంటలు వచ్చినవి. మొదటి గుంటకు పైకెగసిన వెనుక చక్రము రెండవ గుంటలోనికి దిగుటకు వ్యవధి చాలలేదు. కారు వెనుకభాగము ప్రక్కకు జరిగి కాలువ అంచున ఆగినది. గట్టి షాక్ అబ్జార్బరు నున్నని బాటపై కారును నిలుపును. గతుకుల బాటపై అదియే చక్రమును నేలనుండి ఎత్తిపట్టును.

హెరాల్డు విషయమున వేరొక జాగ్రత్త కలదు. దాని వెనుక ఇరుసులు నడుమనున్న డిఫరెన్షియలుకడ కీళ్లు కలిగి రెక్కలవలె ఆడును. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటరు విడిచినచో వెనుకభాగము లేచి, చక్రముల అడుగు లోపలికి ముడుచుకొని, పట్టు సడలును. స్పిట్‌ఫైరులో 1970లో వెనుక కమాను అమరికను మార్చి ఈ దోషమును చాలవరకు తగ్గించిరి. అట్టి మార్పు లేని కార్లలో, నీరసించిన వెనుక షాక్ అబ్జార్బర్లతో వేగముగా మలుపు తిరుగుట మిక్కిలి ప్రమాదకరము.

కొనుటకు ముందు పరీక్షింపుడు. కారును చదునుగానున్న చోట నిలిపి, ఒక్కొక్క మూలను బలముగా నొక్కి విడువుడు. లేచి ఒక్కమారుగా కుదుటబడిన మంచిది. రెండు మూడు మారులు ఊగిన షాక్ అబ్జార్బరు పోయినట్లే. అయితే ఈ పరీక్షలో నెగ్గినవన్నియు బాగున్నవని తలపరాదు. గొట్టముపై నూనె జిడ్డు, టైరుపై అక్కడక్కడ అరిగిన మచ్చలు, బ్రేకు వేసినపుడు ముక్కు వంగుట - ఇవియు గుర్తులే. చప్పుడు మాత్రమే వచ్చుచున్నచో రబ్బరు బుష్షులను, కమాను పట్టీలను, టైరులలోని గాలిని ముందు చూడుడు. పది రూపాయల రోగమునకు వేయి రూపాయల మందు వలదు.

ఎన్నికలో మొదటి నియమము కొలత. పూర్తిగా ముడిచినపుడు, పూర్తిగా చాచినపుడు ఎంత పొడవుండవలెనో, చివరలు కంటివలె నుండవలెనో కడ్డీవలె నుండవలెనో పాతవానితో సరిచూడుడు. పొడవు తక్కువైన చక్రము దిగకమునుపే షాక్ అబ్జార్బరు లాగివేయబడును; ఎక్కువైన, చక్రము లేచినపుడు అడుగంటి పగులును. రెండవది స్ప్రింగుతో పొత్తు. స్ప్రింగు కారు పుట్టిననాటిదే యైనచో షాక్ అబ్జార్బరును ఆ బలమునకు తగినదే కావలెను. మూడవది రకము. యాత్రలకు, ఇంటి పనులకు నూనెతో గాని అల్పపీడన వాయువుతో గాని పనిచేయు జంటగొట్టముల రకము చాలును. డచ్చి దేశపు కోని వంటి, బిగువు సవరించుకొనదగినవి దొరికినచో, అతి మెత్తని స్థానమున మొదలుపెట్టి, ఊపు అణగునంతవరకే బిగింపుడు. ఏండ్లతరబడి బీరువాలో పడియున్న సరకును క్రొత్తదని కొనకుడు. వాడకున్నను రబ్బరు సీళ్లు ఎండిపోవును.

బిగించుటలోను నియమములున్నవి. ఒక్కటి పోయినను ఆ ఇరుసునకు రెండింటిని మార్చవలెను. జంటగొట్టముల రకమును నిలువుగా పట్టి, నాలుగైదు మారులు చాచి ముడిచి, లోని గాలిని వెడలించిన పిదప అమర్చవలెను. రబ్బరు బుష్షుల మరలను కారు తన చక్రములపై నిలిచిన తరువాతనే గట్టిగా బిగింపవలెను. ముందుభాగమున మాత్రము మీరు చేయి పెట్టవలదు. హెరాల్డు ముందు షాక్ అబ్జార్బరు చుట్టు స్ప్రింగు నడుమ నుండును. ఆ స్ప్రింగును తగిన పరికరముతో అదిమిపెట్టక మర విప్పినచో అది తుపాకిగుండువలె ఎగిరి ప్రాణము తీయగలదు. అది తెలిసిన మెకానిక్కు పని.

మా మిత్రులు మొదట నాలుగింటిని, అందును గట్టివానిని, కొనదలచిరి. పరీక్షింపగా ముందువి బాగుగనే యున్నవి, చప్పుడు బుష్షులది. వెనుక జంటను మాత్రము, కారుతో వచ్చిన బలమునకు సరిపడునవి తెచ్చి, మార్చిరి. మంచి షాక్ అబ్జార్బరు అనగా అందరికంటె గట్టిది కాదు. మీ స్ప్రింగునకును మీ ఊరి బాటకును తగినది. క్రొత్తవి బిగించినపిదప ఇంటిల్లిపాదిని ఎక్కించుకొనకమునుపు, ఎరిగిన బాటపై ఒంటరిగా మెల్లగా నడిపి చూడుడు. కారు ఎట్లున్నదో ఆ బాటయే మీకు చెప్పును.