మన దగ్గర దాచేదేముంది అంటారా?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా జిరాక్స్ షాపు ముందు ఈ మాట రోజూ వినిపిస్తది: "ఆధార్ ఇస్తే ఏమైతది భాయ్, మన దగ్గర దాచేదేముంది?" నిజమే, దాచేదేమీ లేదు. కానీ మన రాష్ట్రంలో దెబ్బ తగిలింది దాచుకున్నోళ్లకు కాదు, రేషన్ బియ్యం మీద బతికేటోళ్లకు.

తెలంగాణ సర్కారు దగ్గర 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లు, అడ్రసులు పోల్చి, ఇవన్నీ ఒక్క మనిషివే అని అది లెక్క కడతది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయన ఇంట్లో రేషన్ ఇట్లనే ఆగింది. దాదాపు అదే పేరున్న వేరే మనిషి కారు ఈయన లెక్కలో పడ్డది. కారు రిజిస్ట్రేషన్‌కు ఇచ్చిన వివరం ఇంకొకరి బియ్యం ఆపడానికి పనికొచ్చింది. ఎవరూ వాళ్లను అడగలేదు, చెప్పలేదు. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో మళ్లీ తనిఖీ చేయాలన్నది. ఆ తనిఖీలో 15 వేలకు పైగా దరఖాస్తుదారులు అర్హులేనని తేలింది.

మన పేర్ల సంగతి మీకు తెలుసు కదా. ఒక కాగితంలో 'ఎండీ', ఇంకోదాంట్లో 'మహ్మద్', స్కూల్ సర్టిఫికెట్‌లో 'మొహమ్మద్'. ఒకే బస్తీలో ఒకే పేరున్నోళ్లు నలుగురుంటరు. మిషన్ పొరపాటు పడితే ముందు మన ఇంటికే వస్తది.

వేలిముద్ర సంగతి ఇంకా కష్టం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బొటనవేలు ఎట్ల మారుస్తరు?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో డేటా చట్టమూ వచ్చింది, కాకపోతే అందులో సర్కారుకే మినహాయింపులు ఎక్కువ.

జిరాక్స్ ఇచ్చేముందు దాని మీద ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో సహా అడ్డంగా రాయండి. చాలాచోట్ల చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతది. ఎంఆధార్ యాప్‌లో వేలిముద్ర లాక్ చేసుకోవచ్చు, రేషన్ తెచ్చుకునే రోజు తీస్తే చాలు. అకౌంట్లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కార్డు రద్దయితే మాత్రం ఊరుకోకండి. ఏ రికార్డు చూసి తీసేశారో తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.