ట్యాబ్ కీకి తెలియనిది

'రేపు వస్తానని చెబుతాడు.' ఈ వాక్యంలో 'రేపు' దేనికి చెందింది? రావడానికా, చెప్పడానికా? మాటల్లో అయితే చిన్న విరామంతో సందేహం తీరిపోతుంది. ప్రోగ్రాముల్లో ఆ విరామం చేసే పని ఇండెంటేషన్‌ది, అంటే వరుస మొదట్లో వదిలే ఖాళీది.

సీ, జావా లాంటి భాషల్లో ఏయే పనులు ఒక గుంపో ఫ్లవర్ బ్రాకెట్లు చెబుతాయి. ఖాళీలు మన కంటికోసమే, కంపైలర్ వాటిని పట్టించుకోదు. అందుకే ఎడిటర్ బ్రాకెట్లు లెక్కపెట్టి వరుసలన్నీ తనే సర్దెయ్యగలదు.

హాస్కెల్ భాష సంగతి వేరు. దీని ప్రధాన కంపైలర్ 1989లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మొదలైంది. రూపకర్తల్లో ముఖ్యుడైన సైమన్ పేటన్ జోన్స్ 1998లో కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కి వెళ్ళిపోయినా, 'గ్లాస్గో హాస్కెల్ కంపైలర్' అన్న పేరు మాత్రం మారలేదు. హాస్కెల్‌లో కావాలంటే బ్రాకెట్లు పెట్టుకోవచ్చు గానీ, పెట్టేవాళ్ళు తక్కువ. అక్కడ ఖాళీలే బ్రాకెట్లన్నమాట. గుంపు అంచు దాటి ఎడమకి జరిగిన వరుస ఆ గుంపులోంచి బయటపడినట్టే. పీటర్ లాండిన్ 1966లో ఇలాంటి నియమానికి ఫుట్‌బాల్ ఆటనుంచి 'ఆఫ్‌సైడ్' అనే పేరు తెచ్చి పెట్టాడు.

ఒక ఉదాహరణ తెలుగులోనే చూద్దాం.

నిల్వ సున్నా అయితే
    ఖాతాదారుకి ఉత్తరం పంపు
    ఖాతా మూసెయ్యి

ఇక్కడ మూతపడేవి ఖాళీ ఖాతాలే. చివరి వరుసని 'నిల్వ' కిందకి జరపండి. ఇప్పుడు అందరి ఖాతాలూ మూతపడతాయి! రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే కాబట్టి కంపైలర్ కిమ్మనదు.

మరి రెండో వరుస రాసి ఎంటర్ కొట్టగానే కర్సర్ ఎక్కడ నిలబడాలి? ఆ జవాబు మీ మనసులో ఉంది, ఫైల్లో లేదు. అందుకే ఈమాక్స్‌లోని హాస్కెల్ మోడ్‌లో ట్యాబ్ నొక్కినకొద్దీ కర్సర్ ఒక్కో వీలైన చోటికి జరుగుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు దీన్ని లోపం అనుకుంటారు. నిజానికి అది 'మీరే చెప్పండి' అని అడగడం.

ఇంకో చిక్కు ఉంది. తరవాతి మాట వ్యాకరణానికి అడ్డొస్తే, గుంపు అంతకుముందే ముగిసిందనుకోమని హాస్కెల్ నియమాల్లో ఒకటి చెబుతుంది. దీన్ని పాటించాలంటే ఎడిటర్‌కి వ్యాకరణం మొత్తం తెలియాలి. పైగా మనం టైపు చేస్తున్నంతసేపూ ప్రోగ్రాము సగం వాక్యమే కదా!

పోనీ బ్రాకెట్ల భాషలు సురక్షితమా అంటే, అదీ కాదు. 2014లో యాపిల్ భద్రతా కోడ్‌లో బయటపడిన 'గోటూ ఫెయిల్' తప్పు అలాంటిదే. అదనంగా పడిన ఒక వరుస, ఖాళీల వల్ల షరతు లోపల ఉన్నట్టు కనిపించింది. బ్రాకెట్లు లేకపోవడంతో అది ఎప్పుడూ అమలై, సంతకం సరిచూసే మెట్టుని దాటేసింది. ఇలా కంటిని మోసం చేసే ఖాళీల గురించి హెచ్చరించే సదుపాయం 2016లో జీసీసీ 6తో వచ్చింది.

సీలో ఖాళీ అబద్ధం చెప్పగలదు. హాస్కెల్‌లో ఖాళీయే అర్థం. అంచేత ఈసారి హాస్కెల్ కోడ్ అతికించాక, సర్దే పని ఎడిటర్‌కి వదిలెయ్యకుండా ఎడమ అంచు వెంట ఒకసారి కన్ను వెయ్యండి.