మనసైన పనికి దన్ను కావాలి

కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో ఎదిగిన కొడుక్కి గల్ఫ్ వీసా, ఆడపిల్లకు బీడీల చాట, సిరిసిల్లలో మరమగ్గం. అప్పులూ వానను నమ్ముకున్న సేద్యమూ కలిసి చాలా ఇళ్లలో పిల్లల పనిని ముందే తేల్చేశాయి. ఆ గీత దాటినవాణ్ణి దారి తప్పాడనడం మనకు అలవాటు. కానీ దాటినవాళ్లు ఊరిని మరవలేదు, ఊరి సరుకుతోనే పని చేశారు. సిరిసిల్లకు చెందిన వేణు ఎల్దండి ఏళ్ల తరబడి తెరమీద హాస్య పాత్రలే వేశారు. దర్శకుడిగా 2023లో ఆయన తీసిన 'బలగం' ఒక చావింట్లో జరిగే కథ. పెట్టిన ముద్ద కాకి ముట్టకపోతే కుటుంబం ఎలా కలవరపడుతుందో, ఆ కలవరంలో పాత పంతాలు ఎలా కరుగుతాయో చూపించింది. మనసైన పని కోసం మగ్గం దిగనక్కర్లేదు కూడా. సిరిసిల్ల నేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని చేతిమగ్గంపై నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆ పనిని ప్రస్తావించారు.

ఒకరిద్దరు గెలిచారని అందరినీ దూకమంటే, మునిగితే ఇల్లెవరు నడుపుతారని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇంటివాళ్లు ఎంచిన పనిలో మాత్రం భద్రత ఎంత? ఆర్డర్లు ఆగితే సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగుతాయి; ఆసామికి అప్పు, కార్మికుడికి పస్తు మిగులుతాయి. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరే సిరిసిల్లకు పెద్ద ఊరట అయిందంటే, ఆ బతుకు ఎంత సన్నని దారం మీద నడుస్తోందో తెలుస్తుంది. గల్ఫ్ ప్రయాణమూ చాలామందికి అప్పుతోనే మొదలవుతుంది. ముప్పు రెండు దారుల్లోనూ ఉంది.

తేడా వచ్చేది దన్ను దగ్గర. జగిత్యాల బిడ్డ అలిశెట్టి ప్రభాకర్ చిత్రకారుడు, కవి. జగిత్యాలలో, కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో ఫొటో స్టూడియోలు పెట్టి బతుకు ఈడ్చారు. కొద్ది పాదాల్లోనే నగరాన్ని నిలదీసే కవితలు రాశారు. పేదరికంలో, క్షయతో, నలభై నిండకుండానే 1993లో కన్నుమూశారు. ఆయనకు కొరవడింది ప్రతిభ కాదు, ఆసరా. అదే జగిత్యాల జిల్లాలో, మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో యువకులు 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్ మొదలుపెట్టినప్పుడు ఒకరి భారాన్ని పదిమంది పంచుకున్నారు. ఊరి వాకిళ్లే సెట్లు, ఊరి మనుషులే నటులు. బీడీలు చుట్టి, కూలికి పోయి బతికిన గంగవ్వ ఆ బృందంతోనే తెలుగునాట ఇంటింటికీ తెలిసింది.

కాలం మారింది, ఫోన్ చేతికొచ్చింది కాబట్టే ఇది సాధ్యమైందనవచ్చు. నిజమే, కానీ ఫోన్ అందరి చేతుల్లోనూ ఉంది. కలిసి నిలబడే బృందం అందరికీ లేదు. అందుకే పిల్లలకు ధైర్యం నూరిపోసి వదిలేస్తే సరిపోదు. ఇల్లు ఒకటి రెండేళ్ల గడువివ్వాలి, అందాకా పిల్లలు పూట గడిచే పని ఒకటి చేతిలో ఉంచుకోవాలి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల కళాశాలలు కెమెరాలను, డిజైన్ మగ్గాలను, నేర్పేవాళ్లను అందుబాటులో ఉంచాలి. ఓడినా ఇంటికి తిరిగి రావచ్చని తెలిసిన పిల్లలే తమకు నచ్చిన పనిని నిబ్బరంగా చేయగలరు.