కిలో లెక్కన పోవాల్సిన జీపు

పాత జీపు రీస్టోరేషన్ అనగానే ఫోన్లో చూసిన వీడియోలే గుర్తొస్తాయి. పది నిమిషాల్లో తుప్పు మాయం, నిగనిగలాడే రంగు, భుజాల ఎత్తు టైర్లు. మా వేల్పూర్‌లో ఆ పనికి ఐదు నెలలు పట్టింది. రంగు ఇంకా వేయనే లేదు.

బండి మా తాతది. 1995 నాటి మహీంద్రా ఎంఎం 540, ఏపీ 25 నంబర్. పసుపు ఉడకబెట్టే రోజుల్లో చేనికి డీజిల్ డబ్బాలు, కూలీలకు సద్ది మోసింది. 2025 మేలో తాత పోయాడు. కర్మకాండ అయిన వారానికే పాత ఇనుము కొనేటాయన వచ్చి కిలో లెక్కన రేటు చెప్పాడు. ఆర్‌సీ గడువు నవంబర్‌తో అయిపోతుంది. నా దగ్గర ఉన్నది లక్షన్నర. "నవంబర్ దాకా చూస్త. పాస్ గాకపోతే తూకానికే" అన్నాడు నాయిన.

అందుకే పాన పట్టే ముందు కాగితాలు తీశాను. సొంత బండి ఆర్‌సీ 15 ఏళ్లకు అయిపోతుంది, ఆపై ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యూవల్, ఫిట్‌నెస్ టెస్ట్. ఓనర్ చనిపోతే వారసులు మూడు నెలల్లో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. ఇక ఫీజు: 2022 మార్చి దాకా కారు, జీపు రెన్యూవల్‌కు 600 రూపాయలే. ఏప్రిల్ నుంచి 5,000 అయింది. మేం పని మధ్యలో ఉండగా, 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన బండ్లకు 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యమైతే నెలకు ఇంత అని పడుతూనే ఉంటుంది. కాబట్టి చవగ్గా పాత జీపు దొరికిందని సంబరపడే ముందు దాని ఆర్‌సీ తేదీ చూడండి.

ట్రాలీ వెల్డర్ చేతిలో

మహీంద్రా 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. 540 కూడా ఆ వంశమే. కింద నిచ్చెనలాంటి ఛాసిస్, పైన బోల్టులతో బిగించిన బాడీ. బోల్టులు విప్పి, ఎనిమిది మందిమి పట్టి బాడీని పక్కన పెట్టేశాం. సెన్సార్లు లేవు, కంప్యూటర్ లేదు. ట్రాక్టర్ తెలిసిన మెకానిక్‌కు ఇది కొత్త లోకమేం కాదు. మా ఊరి లాంటి చోట అదే పెద్ద అదృష్టం.

ఫ్లోర్ మ్యాట్ల కింద రేకు అప్పడంలా ఉంది. బురద, తడి ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్నాయి మరి. పుట్టీ పూసి కప్పేస్తే ఏడాది ఆగదు. ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డర్ కుళ్లిన మేరకు కోసి, కొత్త రేకు అతికాడు. కూలీతో సహా 22 వేలు. ఒక్క జాగ్రత్త చెప్పాను: ఛాసిస్ మీద కొట్టిన నంబర్ దగ్గర గ్రైండర్ పెట్టొద్దని. ఫిట్‌నెస్ రోజు ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీస్తారు. అది అరిగిపోతే ఎంత మెరిసే బండైనా పనికిరాదు.

ఇంజిన్ పుజో డిజైన్ డీజిల్, 2112 సీసీ. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ. మొత్తం విప్పేద్దామని నాకు ఆత్రం. మెకానిక్ భాయ్ ఆపాడు. "ఇంజన్ ఇప్పితే ఆగది తమ్మీ. లైనర్లంటవు, పిస్టన్లంటవు, క్రాంకంటవు. ముందుగాల కంప్రెషన్ చూద్దాం." చూస్తే నాలుగు సిలిండర్లూ బాగానే ఉన్నాయి. హీటర్ ప్లగ్గులు కాలిపోయాయి, నాజిళ్లు అరిగాయి. ప్లగ్గులు, నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్, హెడ్ ప్యాకింగ్‌తో 31 వేలల్లో తేలింది.

మిగిలినదాంట్లో మొదటి వాటా బ్రేకులకు, స్టీరింగ్‌కు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కాబట్టి వీల్ సిలిండర్లు, పైపులు మార్చాం. కింగ్ పిన్ బేరింగులు పోతే స్పీడులో ముందు చక్రాలు గజగజ వణుకుతాయి, అవీ వేశాం. ఇవి ఫొటోలో కనపడవు, లైకులు రావు. కానీ గుంతల్లో ప్రాణం కాపాడేవి ఇవే.

టైర్ల దగ్గర పెద్ద ఆశ పుడుతుంది. పాత జీపుల సైజు 6.00-16. ట్రాక్టర్ ముందు టైరూ చాలా వాటికి అదే. రిమ్ముకు ఎక్కుతుంది, ఇంట్లో పాతవి పడే ఉన్నాయి. కానీ అవి పొలం స్పీడుకు చేసినవి, జీపు రోడ్డు స్పీడుకు కాదు. జీపు టైర్లే కొన్నాను, 24 వేలు పోయాయి.

డబ్వాలీ మోజు

"గింత కష్టమెందుకురా, హర్యానా డబ్వాలీ నుంచి రెడీమేడ్ జీపు తెప్పించు" అన్న దోస్తులున్నారు. మండీ డబ్వాలీ మోడిఫైడ్ జీపులకు పేరున్న ఊరే. బండ్లు బాగుంటాయి, కాదనను. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న, కంపెనీ చెప్పిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. లక్షలు పోసి కొని చెక్‌పోస్టు చూస్తే గుండె దడ ఎందుకు? మాది ఉన్నది ఉన్నట్టే ఉంచాం. పాత స్టీలు రిమ్ములు, ముందు ఏడు గీతల జాలీ, అన్నీ అవే.

అక్టోబర్ మాత్రం భయపెట్టింది. కోతలు మొదలయ్యేసరికి వర్క్‌షాప్ ముందు ట్రాక్టర్లే ట్రాక్టర్లు. భాయ్ చేతికి దొరకలేదు. వైరింగ్ మొత్తం రాత్రిళ్లు, ఫోన్ టార్చి వెలుగులో చేశాం.

నవంబర్ మొదటి వారంలో టెస్ట్. లైట్లు, హారన్, బ్రేకులు, పెన్సిల్ ప్రింట్. నంబర్ స్పష్టంగా పడింది. ఆర్‌సీ ఇప్పుడు 2030 దాకా ఉంది, నాయిన పేరు మీద. బండి మాత్రం బూడిద రంగు ప్రైమర్‌లోనే తిరుగుతోంది.

జనవరిలో పసుపు తవ్వకం మొదలైనప్పటి నుంచి తాళంచెవి నా చేతికి రావడం లేదు. రంగు సంగతి అడిగితే, నిజామాబాద్ యార్డుల పసుపు అమ్మినంక చూద్దామంటున్నాడు నాయిన.