సాగర్ నుంచి ఆలంపురం దాకా: కృష్ణ వెంట సొంత బండిపై

నల్లగొండ, పాలమూరు వాసులకు కృష్ణానది కొత్త కాదు. పుష్కర స్నానాలు చేసినవారు, శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లినవారు ఊరూరా ఉన్నారు. అయితే నాగార్జునసాగర్‌లో బయలుదేరి, ఎగువన ఆలంపురం దాకా ఈ నదిని ఒక వరుసలో చూసినవారు తక్కువ. ఇంట్లో మోటారు సైకిలు ఉన్నా, నలుగురు కలిసి జీపు మాట్లాడుకున్నా రెండు రోజుల్లో చూసి రావచ్చు.

ఈ యాత్రలో బండి చాలా దూరం నది ఒడ్డున నడవదు. నది లోయలో ఉంటుంది, దారి మెట్ట మీద సాగుతుంది. నీళ్లు కింద, ఊళ్లు పైన. ఈ ప్రాంతపు కష్టమంతా ఆ ఎత్తు తేడాలోనే ఉంది. దారి పొడవునా కనిపించేది కూడా అదే.

సాగర్ నీటి అడుగున

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాల్వలకు నీరు వదిలారు. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన ఈ ఆనకట్టకు 26 గేట్లున్నాయి. జలాశయం నిండితే నీటిమట్టం 590 అడుగులు. వరద రోజుల్లో గేట్లు ఎత్తినప్పుడు చూడవలసిన దృశ్యమే గానీ, ఆ రోజుల్లో జనం రద్దీ కూడా అంతే ఉంటుంది.

నీటి మధ్య దీవిగా కనిపించే నాగార్జునకొండ ఒకప్పుడు లోయలో నిలిచిన కొండ. ఆ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నీరు చేరకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను కొండపై మ్యూజియంలో భద్రపరిచారు. నల్లగొండ వైపు ఒడ్డున ఉన్న ఏలేశ్వరం కూడా ఆ నీటిలోనే కలిసింది. ఒడ్డున బుద్ధవనం 2022 మే నెలలో ప్రారంభమైంది. ఇది తీరికగా చూడదగిన స్థలం.

ఇక్కడి ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పారి ఆ నేలను మాగాణి చేసింది. పడమటి మెట్టకు మాత్రం నీరు తనంతట తాను ఎక్కలేదు.

పెద్దవూర దాటి దేవరకొండ వైపు బండి తిప్పితే ఈ సంగతి కళ్లకు కడుతుంది. కంది, పత్తి చేలు, బత్తాయి తోటలు, వాటి మధ్య బండరాళ్ల గుట్టలు. పుట్టంగండి వద్ద సాగర్ నీటిని మోటార్లతో ఎత్తి అక్కంపల్లి జలాశయానికి పంపుతారు. హైదరాబాద్ తాగే కృష్ణా నీరు అక్కడి నుంచే వెళ్తుంది. ఆ పక్కనే మర్రిగూడ, నాంపల్లి ప్రాంతాల్లో తరాల తరబడి ఫ్లోరైడు బావి నీళ్లే తాగారు. నడుము వంగిన పెద్దలను, కాళ్లు వంకరపోయిన పిల్లలను చూడని ఊరు అక్కడ అరుదు. 2016 నుంచి మిషన్ భగీరథ పేరిట నది నీరు పైపుల్లో ఊళ్లకు రావడం మొదలైంది. పోయిన ఎముకల బలం మాత్రం తిరిగి రాదు.

దేవరకొండ కోట రేచర్ల పద్మనాయకులది. ఏడు కొండలను చుట్టిన ప్రాకారం దూరం నుంచే కనిపిస్తుంది. ఎండ ముదరకముందే ఎక్కాలి, తాగునీరు వెంట ఉంచుకోవాలి. అక్కడి నుంచి డిండికి వస్తే నిజాం కాలంలో కట్టిన చెరువు శ్రీశైలం రోడ్డు పక్కనే పరచుకొని ఉంటుంది. కృష్ణలో కలిసే దుందుభి వాగుకు అడ్డంగా కట్టింది ఇది.

అడవిలో తొమ్మిది దాటితే గేటు మూత

మన్ననూరు వద్ద నల్లమల మొదలవుతుంది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు దాటనివ్వరు కనుక వేళ చూసుకొని బయలుదేరాలి. పెట్రోలు అచ్చంపేటలోనే పోయించుకోవడం మంచిది. రోడ్డు మీద కోతులకు తినుబండారాలు వేస్తే అవి బండ్ల కింద పడుతున్నాయి. ఆ పుణ్యం మానుకోవాలి. ఫర్హాబాద్ నుంచి అడవిని, వటువర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతాన్ని చూడవచ్చు. దోమలపెంట చేరకముందే కొండ అంచున ఒకచోట కృష్ణ వంపులు తిరుగుతూ లోతున కనిపిస్తుంది. బండి ఆపి చూడవలసిన చోటు అదే.

ఆ కొండల కిందనే శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం ఉంది. మోటార్లతో ఎత్తిపోయకుండా శ్రీశైలం నీటిని నల్లగొండ మెట్టకు పారించాలని తలపెట్టిన దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం ఇది. పనులు 2005లో మొదలయ్యాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. పొట్ట చేత పట్టుకొని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. మెట్టకు నీరు ఎక్కించడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

సోమశిల రేవులో

రాత్రి మన్ననూరులోనో, అచ్చంపేటలోనో బస చేసి మరునాడు పొద్దున్నే కొల్లాపూర్ దారి పట్టాలి. వేసవిలో మామిడి తోటల నీడ దారిలో తోడు వస్తుంది. సురభి రాజుల సంస్థానం ఏలిన కొల్లాపూర్ దాటితే సోమశిల. అక్కడ నది కాదు, కడలిని చూసినట్టుంటుంది. శ్రీశైలం జలాశయం 885 అడుగుల మట్టానికి నిండితే ఆవలి ఒడ్డు మసకగా కనిపిస్తుంది. ఆవలి వైపున్న సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీటిలోనే ఉంటుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడే దర్శనం. అక్కడి వేప కొయ్య లింగం ప్రసిద్ధి.

ఈ నీటి కింద వందకు పైగా గ్రామాలున్నాయి. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇళ్లు కూలగొట్టి జనాన్ని తరలించారు. నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగం ఇస్తామని 1986లో జీవో 98 వచ్చింది. దాని కోసం దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవారు, తిరుగుతూనే వయసు దాటిపోయినవారు ఈ ఊళ్లలో ఉన్నారు.

నది వెడల్పయ్యాక రేవు దాటడమూ ప్రాణాల మీదికి వచ్చింది. 2007 జనవరిలో మంచాలకట్ట వద్ద పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. సోమశిల వద్ద వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపినట్టు 2022లో ప్రకటన వెలువడింది. పడవ ఎక్కేవారు ఎవరు చెప్పినా చెప్పకపోయినా లైఫ్ జాకెట్ అడిగి వేసుకోవాలి. జనం ఎక్కువైతే దిగిపోవాలి.

గుడి కదిలివచ్చిన ఊరు

జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా ముంపు నుంచి కదిలివచ్చినదే. అది చూసి పెబ్బేరు వద్ద పెద్ద రోడ్డెక్కితే బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణను దాటవచ్చు. ఆంజనేయస్వామికి దండం పెట్టుకొని ముందుకు సాగితే ఆలంపురం చౌరస్తా వస్తుంది. అక్కడి నుంచి లోపలికి వెళ్తే తుంగభద్ర ఒడ్డున ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, 2005లో తిరిగి కట్టిన జోగులాంబ గుడి దర్శనమిస్తాయి.

ఊరి మొదట్లోనే కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండిన ఈ గుడిని ముంపుకు ముందు విప్పి, రాయి రాయికీ నంబరు వేసి ఇక్కడ తిరిగి నిలబెట్టారు. మెచ్చుకోదగిన పని. అదే ముంపులో ఇల్లు పోయిన వారి ఊళ్ల పేర్లు మాత్రం పాత రికార్డుల్లోనూ, ముసలివాళ్ల నోళ్లలోనూ మిగిలాయి. మునిగిన ప్రతి ఊరి పేరునూ సోమశిల రేవులో అందరికీ కనబడేలా రాసి పెట్టడం పెద్ద ఖర్చు కాదు. యాత్రికులు నీటిని చూసి మురిసిపోయే ముందు ఆ పేర్లు చదువుకుంటారు. అధికారులు, పంచాయతీలు ఆలోచించాలి.