పేరు తీసేస్తే ఎవరి వ్యాసం?

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ డివిట్ వాలెస్ అనే అమెరికన్ యువకుడికి ఆసుపత్రిలో పత్రికలే కాలక్షేపం. పెద్ద వ్యాసాలను సారం పోకుండా కుదించడం అక్కడే అలవాటైంది. 1922 ఫిబ్రవరిలో భార్య లైలాతో కలిసి రీడర్స్ డైజెస్ట్ మొదలుపెట్టాడు. తొలినాళ్లలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని, ఇతర పత్రికల్లో నచ్చిన వ్యాసాలను చేత్తో రాసుకుని కుదించేవాడు. తమకూ ప్రచారమేనని ఆ పత్రికలు మొదట్లో ఊరికే అనుమతి ఇచ్చాయి. డైజెస్ట్ నిలదొక్కుకున్నాక డబ్బు చెల్లించడం మొదలైంది. ఏ పత్రిక నుంచి తీసుకున్నారో వ్యాసంతోపాటే అచ్చయ్యేది.

ఆ పద్ధతి మనవాళ్లు చాలామంది పాటించడం లేదు. ఆరోగ్యం మీదో, సేద్యం మీదో, పాత సినిమా పాటల మీదో ఒకరు శ్రమపడి రాసిన వ్యాసం వాట్సాప్‌లో పది గ్రూపులు తిరిగేసరికి రచయిత పేరు ఎగిరిపోతుంది. కింద ‘సేకరణ’ అని ఇంకొకరి పేరు చేరుతుంది. అక్కడి నుంచి ఏ చిన్న పత్రికలోనో అచ్చయిపోతుంది కూడా. రాసినవారికి ఇంతకంటే అన్యాయం లేదు.

‘పేరు వేశాం కదా, చాలదా?’ అనేవారూ ఉన్నారు. చాలదు. పేరు వేయడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, పోయిన మరుసటి ఏడాది మొదలు మరో 60 ఏళ్లూ రచన మీద హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలను ఎవరైనా వేసుకోవచ్చు. చలం పోయింది 1979లో. ఆయన రచనల మీద హక్కులు 2039 చివరిదాకా ఉంటాయి.

చట్టం తలుపులన్నీ మూసెయ్యలేదు. సమీక్షకో విమర్శకో అవసరమైనంత ఉటంకించవచ్చు. ఇన్ని వాక్యాలని చట్టంలో లెక్కేమీ లేదు. అవసరాన్ని బట్టి తేలుతుంది. వర్తమాన రాజకీయ, ఆర్థిక, సామాజిక, మత విషయాల మీద వచ్చిన వ్యాసాన్ని, రచయిత పునర్ముద్రణ హక్కు తనదేనని స్పష్టంగా ప్రకటించకపోతే, మరో పత్రిక వేసుకోవచ్చు. కథకూ, మామిడి అంట్లు కట్టే విధానం మీద వ్యాసానికీ ఈ వెసులుబాటు వర్తించదు.

అయితే అంట్లు కట్టే విధానం ఎవరి సొత్తూ కాదు. ‘హమ్ హిందుస్తానీ’ నాటక రచయిత ఆర్.జి. ఆనంద్, తన నాటకాన్నే ‘న్యూ ఢిల్లీ’ సినిమాగా తీశారని కోర్టుకెక్కారు. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉందని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. ఆయన కేసు ఓడిపోయారు. కాబట్టి విషయం నేర్చుకుని సొంత మాటల్లో రాసుకోవచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పడం మర్యాద.

యథాతథంగా కావాలంటే అడగడమే. ఏ వ్యాసం, ఎక్కడ వేస్తారు, పారితోషికం ఇస్తారా లేదా, ఈ మూడు ముక్కలు రాస్తే చాలు. కుదించదలిస్తే ఆ ప్రతిని ముందే రచయితకు చూపించాలి. పరువుకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే, హక్కులు అమ్మేసిన రచయిత కూడా 57వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు.